మనకూ వెబ్‌సైటుకూ మధ్య కూర్చున్న మనిషి

పామూరులో కాలేజీలు తెరిచే రోజులొస్తే నెట్ సెంటర్ల ముందు నిలబడేది మన పిల్లలే. స్కాలర్‌షిప్పు, హాస్టల్ సీటు, కులం సర్టిఫికెట్... రోజంతా ఫోన్ వాడే పిల్లలు ఈ ఫారాలు మాత్రం సొంతంగా నింపుకోలేరు. "చదువుకున్నావు, ఇది కూడా రాదా?" అని పెద్దోళ్ళు తిడతారు. తప్పు పిల్లలది కాదు. దీని వెనక పాతికేళ్ళ కథ ఉంది, కొంచెం ఓపిగ్గా చదవండి.

1999 డిసెంబరులో హైదరాబాదు బంజారాహిల్స్‌లో ట్విన్స్ పేరుతో ఒక కేంద్రం పెట్టారు. కరెంటు బిల్లు, నీళ్ళ బిల్లు ఒకే కౌంటర్లో కట్టొచ్చు. 2001 ఆగస్టు 25న అదే ఈసేవ అయింది. అప్పట్లో ఇళ్ళల్లో కంప్యూటర్లు ఎక్కడివి? అందుకని తెర ముందు ఆపరేటరు, కౌంటరుకి ఇవతల మనం. ఆ కాలానికి అది మంచి పనే. కాకపోతే ఆ తెర తయారైంది ఆపరేటరు కోసం. రోజుకు వంద దరఖాస్తులు కొట్టేవాడికి కోడ్‌లు, పొట్టి మాటలు, ఇంగ్లీషు గడులు అడ్డం కావు. 2011 నవంబరు 4న మొదలైన మీసేవలోనూ మధ్యలో ఆపరేటరే.

ఈలోగా 2008 ప్రాంతంలో సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ వాళ్ళు తయారుచేసిన ఈపాస్ వచ్చింది. స్కాలర్‌షిప్పు దరఖాస్తు ఆన్‌లైన్‌కి ఎక్కింది. కాగితం ఏ బల్ల మీద ఆగిందో తెలియని రోజుల నుంచి, నంబరు కొట్టి చూసుకునే రోజులకు వచ్చాం. దీన్ని తక్కువ చేయకూడదు. అయితే తెర ముందు కూర్చునే మనిషి మారాడు, తెర మాత్రం ఆఫీసు తెరగానే ఉండిపోయింది.

పేరు సంగతే చూడండి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. టెన్త్ మెమోలో అలాగే ఉంటుంది. ఆధార్‌లో ఒకరికి ఇంటిపేరు పొడి అక్షరంగా, ఇంకొకరికి చివర్లో. పక్కింటాయన చూస్తే ఒకే పిల్ల, మిషన్ చూస్తే ఇద్దరు! దిద్దుకొని రావడానికి కూలి మానుకొని తిరిగేది తల్లిదండ్రులు. 2012లో బ్రిటన్ ప్రభుత్వం తన సైట్లన్నిటికీ కలిపి గవ్ డాట్ యూకే తెరిచింది. దాని డిజైన్ చూసేవాళ్ళు ఇచ్చే సలహా ఒకటుంది. పేరు అడగడానికి ఒక్క గడి పెట్టండి, మనిషి ఎలా రాసుకుంటే అలా రాయనివ్వండి అని. ఇంతే, పెద్ద విద్యేం కాదు.

కులం గడి ఇంకా తమాషా. మనం యానాది అని ఇంగ్లీషులో రాసేటప్పుడు వై తర్వాత ఏ పెడతాం. ఎస్టీ జాబితాలో వై తర్వాత ఈ ఉంటుంది. ఎరుకల కూడా వై కిందే. లంబాడీలు ఉండేది సుగాలీలతో మొదలయ్యే వరసలో. ఆ జాబితాను ఉన్నదున్నట్టు ఎక్కిస్తే, "లంబాడీ" అని ఎల్ కింద వెతికే తాండా పిల్లకి తన కులమే కనపడదు. తెర వాడేవాళ్ళ మాటల్లో ఉండాలని జాకబ్ నీల్సన్ 1994లోనే రాశాడు. ఐదుగురిని తెర ముందు కూర్చోబెట్టి చూస్తే చాలు, లోపాల్లో ఎక్కువ భాగం బయటపడతాయని 2000లో చెప్పింది కూడా ఆయనే. ఆ ఐదుగురిలో ఒక్కరైనా తాండా నుంచో యానాది కాలనీ నుంచో ఉండాలి కదా!

తెలుగులో కుదరదు అనే సాకు ఎప్పుడో పోయింది. 1991 నుంచే యూనికోడ్‌లో మన అక్షరాలున్నాయి. విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంటుతో వచ్చింది. 2006 నాటికి వీవెన్ గారి లేఖిని వాడి మామూలు కీబోర్డుతోనే తెలుగు కొట్టేవాళ్ళు. ప్రభుత్వ సైట్లు ఎలా ఉండాలో కేంద్రం 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

2019 అక్టోబరు 2న సచివాలయాలొచ్చాయి. దూరం తగ్గింది, నిజమే. మధ్యలో మనిషి మాత్రం అలాగే ఉన్నాడు, ఇప్పుడు పేరు డిజిటల్ అసిస్టెంటు. తెర కష్టంగా ఉందంటే మన దగ్గర తెరను మార్చరు, పక్కన ఇంకో కుర్చీ వేస్తారు.

2025 జనవరి 30న వచ్చిన మన మిత్ర ఈ వరసలో కొంచెం వేరు. మొదట 161 సేవలు. మనోళ్ళకు ముందే చేయి తిరిగిన వాట్సాప్‌లో, తెలుగులో నడుస్తుంది. నా లెక్కలో ఈ పాతికేళ్ళలో అసలైన మలుపు ఇదే. అయినా ఓటీపీ దగ్గర ఆగిపోతాం. ఇంట్లో ఒకటే ఫోన్, అది నాన్నతో రొయ్యల చెరువు కాపలాకి పోయుంటుంది. ఆధార్‌కి ఇచ్చిన నంబరు ఎప్పుడో మారిపోయుంటుంది.

ఈసారి ఫారాలు మొదలవగానే మన కాలనీల్లో, తాండాల్లో ఐదుగురు పిల్లల్ని కూర్చోబెడదాం. సీనియర్లు కీబోర్డు ముట్టుకోవద్దు, నోరు కూడా మెదపొద్దు. ఎక్కడ ఆగారో తారీకుతో రాసి, స్క్రీన్‌షాట్‌తో పెడదాం. యానాదుల కోసం నెల్లూరులో, చెంచుల కోసం శ్రీశైలంలో ఐటీడీఏలు ఉన్నాయి. ఆ కాగితం రెండు చోట్లా ఇచ్చి రసీదు తీసుకుందాం.