విజయపురి ముంపు: శిలల తరలింపు, అడవి రక్షణ

నాగార్జునసాగర్ నిర్మాణ చరిత్రలో శిలల రక్షణ నీటికి ముందు మొదలైంది, వన్యప్రాణుల రక్షణ నీటి తరువాత వచ్చింది. 1926లో ఏ.ఆర్. సరస్వతి గుర్తించిన నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. ఆ లోయ జలాశయంలో మునగనుండడంతో 1954లో ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో తవ్వకాలు ప్రారంభమై 1960 వరకు సాగాయి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేసేనాటికే ఈ పని నడుస్తున్నది. ముఖ్యమైన కట్టడాలను కొన్నింటిని కొండపైనా, అనుపు వద్దా తిరిగి నిలిపారు. కొండపైకి చేరినవాటిలో కృష్ణ ఒడ్డున ఉండిన స్నానఘట్టం కూడా ఒకటి. మెట్లు భద్రంగానే ఉన్నాయి. అవి దిగితే పాదానికి తగలవలసిన నది అక్కడ లేదు. కట్టడాన్ని తరలించగలిగారే గాని, దాని ప్రయోజనాన్ని తరలించలేకపోయారు.

అడవి విషయంలో ఆ మాత్రపు ముందుచూపు కూడా కనిపించదు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. నల్లమలలోని పరిసరారణ్యం అభయారణ్యమైనది 1978లో. పులుల సంరక్షణ పథకంలో చేరినది 1983లో. అనగా ఈ రక్షణ మునిగిన అడవికి కాదు, మిగిలిన అడవికి. నాగార్జునసాగర్–శ్రీశైలం అన్న ఆ అభయారణ్యపు తొలి పేరులో జలాశయం ముందు నిలిచింది, నల్లమల ఎక్కడా లేదు.