లంద, జీలుగు, చిగురుపన్ను

ఉప్పు మొదలు జూదపు పాచికల వరకు దేనినీ సుంకము లేక విడువని కౌటిల్యుడు, సురాధ్యక్షుని విధులను చెప్పుచు, శుభకార్యములందు గృహస్థులు తెల్లసురను తమ యింటనే చేసికొనవచ్చుననియు, ఉత్సవములకును యాత్రలకును నాలుగు దినముల మినహాయింపు ఈయవలెననియు వ్రాసినాడు. అంతటి కఠినునిలో ఈ దాక్షిణ్యమును చూచిన ఆనందమే నాచేత ఈ వ్యాసమును వ్రాయించుచున్నది.

బియ్యముతో చేసిన ఆ సుర నేటి మాటలో బీరే. పండ్లరసము తనంత తానే పులియును గాని, ధాన్యములోని పిండి ముందుగా చక్కెర కావలెను. అందులకు పడమటివారు గింజను మొలకెత్తించిరి. మనవారు మినుములు, బియ్యము, మూలికలు కలిపి కిణ్వమను ముద్దను కట్టిరి. బవేరియాలో 1516 నాటి శాసనము బీరులో యవలు, హాపు పూలు, నీరు తప్ప వేరేమియు ఉండరాదన్నది. పులియజేయు ఈస్టు పేరు అందులో లేనే లేదు! వెచ్చదనములో పైకి తేలు ఈస్టుతో ఏల్ జాతి, చల్లదనములో అడుగున చేరు ఈస్టుతో లాగర్ జాతి పుట్టినవి. వేచిన గింజల నలుపు స్టౌటుది. 1842లో ప్ల్జెన్ పట్టణమున వెలసిన బంగారువన్నె లాగరు సంతానమే నేడు మన అంగళ్లలోని సీసాలలో అధికభాగము.

అరకు దాటి కోరాపుట్టు వైపు పోయినచో గదబలు, పరజలు పులియబెట్టు లంద కనబడును. ధాన్యముతో పులిసినదే కనుక అదియు బీరే. అందులకు చోడిని వాడుటయు కలదు. చోడి పుట్టినిల్లు తూర్పు ఆఫ్రికా మిట్టలు. అక్కడి ఉగాండాలో ఇటెసోలు అదే గింజతో అజోన్ చేసి, ఒకే కుండ చుట్టును కూర్చుండి పొడవైన గొట్టములతో పీల్చుదురు. సిక్కింలో టోంగ్బా కూడ చోడిదే, వెదురుగొట్టముతోనే. సుమేరియా ముద్రలపైనను ఈ గొట్టములే! ఒక సీసాకు ఒక్క మనిషి అను ఏకాంతపు ఆచారము చాల ఆలస్యముగా వచ్చినది.

నడిమి శతాబ్దములను ఒక్క గంతున దాటి, కల్లుపన్నుల వలన 1879లో రంప మన్యమున రేగిన తిరుగుబాటునకు పోవుదము. మన్యమున లందకంటె జీలుగుకల్లు ఘనమైనది. చెట్టురసము గనుక శాస్త్రప్రకారము బీరు కాదు, దానికి దగ్గరి చుట్టము. ఏండ్ల తరబడి పెరిగి, పైనుండి క్రిందికి గెలలు వేసి, చివరి గెల పండగానే జీలుగు మరణించును. ఆ నడిమి కాలములోనే గెలకాడను కోసి రసమును దింపవలెను. కొండరెడ్లకు కరవునెలలలో అది ఆహారమే అయినట్లు 1945లో వెలువడిన తన గ్రంథమున మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ చూపెను. అట్టి చెట్టును ఇంటివాడుకకైనను గీయరాదని, కల్లు రాబడిని ప్రభుత్వము గుత్తకిచ్చెను. రంప మన్సబుదారు కల్లుగీతపై చిగురుపన్ను వసూలు చేయుచు, దానిపై మొదలుపన్నును చేర్చెను. గుత్తదారుల మనుష్యులు పెట్టిన బాధలు చెప్పనలవి కావు. మార్చి మాసమున మన్సబుదారు క్రింది ముఠాదారులు లేచిరి. తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య మొదలగువారు నాయకులైరి. మంట గొలుగొండ కొండలకును, భద్రాచలము వైపు రేకపల్లెకును ప్రాకెను. దీని నణచుటకు పోలీసులుగాక ఆరు మద్రాసు పదాతిదళములు, హైదరాబాదు కంటింజెంటు సేన కూడ దిగినవి. పోరు 1880లోనికి సాగెను, మన్సబు రద్దయ్యెను. కౌటిల్యుడు నాలుగు దినములకు ఇచ్చినపాటి సడలింపును ఆంగ్లదొరలు ఇచ్చియుండిన, ఇంత రక్తము చిందెడిది కాదేమో! విచిత్రమేమన, అదే మన్యమున 1922లో తిరుగుబాటు నడిపిన అల్లూరి సీతారామరాజు అంతకుముందు కొండవారిని కల్లు మానుడని బోధించినవాడు.

నేడు అరకు దారిలో సీసాలకు కొరత లేదు; చోడి చేలు మాత్రము తగ్గినవి. సీసాతోపాటు అప్పు వచ్చినది, కుండ చుట్టు కూర్చుండు సభ పోయినది. తాగుడును నేను మెచ్చుట లేదు; ఇంటివారి చేతి విద్యను దోషముగా నెంచి, కొనుగోలు మత్తును రాబడిగా నెంచుట అన్యాయమనుచున్నాను. షెడ్యూలు ప్రాంతములలో మత్తుపదార్థముల అమ్మకమును, వాడుకను నియంత్రించు అధికారము 1996 నాటి పెసా చట్టము ప్రకారము గ్రామసభకు కూడ చెందవలసినదే.