ఫైలు మీద తేదీని దిద్దవచ్చా?

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు. ఆనాటి ఫోటోను మీరు ఈరోజు స్కాన్ చేశారనుకోండి. కంప్యూటర్ ఆ ఫైలుకు ఈరోజు తేదీనే వేస్తుంది. దాన్ని 1959కి మార్చవచ్చా?

మార్చవచ్చు. ప్రోగ్రాం ఏదైనా పని కోసం కెర్నల్‌ను అడిగే పద్ధతిని సిస్టమ్ కాల్ అంటారు. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడవ ఎడిషన్‌లో ‘యుటైమ్’ అనే కాల్ ఉంది. ఫైలును చివరిసారి చదివిన సమయాన్నీ, మార్చిన సమయాన్నీ అది దిద్దుతుంది. టేపు నుంచి తిరిగి తెచ్చుకున్న ఫైళ్లకు పాత తేదీలు నిలవాలంటే ఇది కావాలి మరి.

యూనిక్స్ 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కిస్తుంది. మన ఫర్నేసు తేదీ అంతకు 3,984 రోజులు ముందుది. అంటే మైనస్ 34,42,17,600 సెకన్లు! (అన్ని ఫైల్ సిస్టమ్‌లూ మైనస్‌ను ఒప్పుకోవు.)

అయితే నిన్న రాసిన ప్రాజెక్టు రికార్డును పోయిన నెలదని చూపవచ్చు కదా? ఇక్కడే మూడో సమయం అడ్డొస్తుంది. ఫైలు వివరాలు మారిన క్షణమది. యుటైమ్ దాన్ని వెనక్కి జరపలేదు. పైగా తేదీ దిద్దిన క్షణమే అందులో నమోదవుతుంది. దాన్ని మోసగించాలంటే కంప్యూటర్ గడియారాన్నే వెనక్కి తిప్పాలి. అది మామూలు వాడుకరి చేతిలో ఉండదు.