సామూహిక మధ్యవర్తిత్వమును వదులుకొను షరతు: వినియోగదారు ఒప్పందములలో దాని చెల్లుబాటు

వస్తువునో సేవనో విక్రయించు సంస్థ తాను ముందుగా అచ్చొత్తించిన ఒప్పందపత్రమునందు, తగవు పుట్టినచో న్యాయస్థానమునకు పోక ఆర్బిట్రేషన్ అనబడు మధ్యవర్తి విచారణకే రావలెననియు, అందైనను పలువురు కొనుగోలుదారులు కూడిరాక ఎవరి తగవు వారే నడుపుకొనవలెననియు విధించు నిబంధనకు ఈ పేరు. నష్టము స్వల్పమైనపుడు ఒంటరి వ్యాజ్యపు వ్యయము దానిని మించును గనుక, ఈ షరతు పెక్కుమంది నోళ్లు కట్టివేయును.

అమెరికాలో 1925 నాటి ఫెడరల్ ఆర్బిట్రేషన్ చట్టము దీనికి అండ. ఉచితమని ప్రకటించిన ఫోనులపై 30.22 డాలర్ల పన్ను వసూలు చేసిరని కాలిఫోర్నియా దంపతులు ఏటీ అండ్ టీ మొబిలిటీపై తెచ్చిన వ్యాజ్యమున, 2011లో ఆ దేశపు సుప్రీంకోర్టు 5–4 ఆధిక్యముతో ఈ షరతు చెల్లునని సంస్థ పక్షమున తీర్పు చెప్పెను.

భారతదేశమున మార్గము వేరు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టపు 3వ సెక్షను, ఇందలి పరిహారము ఇతర చట్టములకు అదనమే గాని భంగకరము కాదని పలికెను. నాసివిత్తనములవలన పంట నష్టపోయిన ఆంధ్రప్రదేశ్ రైతులకు కర్నూలు, మహబూబ్‌నగర్ మొదలైన జిల్లాల వినియోగదారుల ఫోరములు పరిహారమిప్పింపగా, ఒప్పందమున మధ్యవర్తిత్వ షరతు కలదని విత్తన సంస్థయైన నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ చేసిన వాదమును సుప్రీంకోర్టు 2012లో త్రోసిపుచ్చెను. రైతు తానై మధ్యవర్తిని ముందుగా ఎంచుకొనినచో మాత్రము పిదప ఫోరమునకు రాజాలడని సూచించెను. 2015 నాటి ఆర్బిట్రేషన్ చట్ట సవరణ ఈ స్థితిని మార్చెనన్న ఎమార్ ఎంజీఎఫ్ అను స్థిరాస్తి సంస్థ వాదము 2018లో వీగిపోయెను. తెలంగాణ హైకోర్టునుండి వచ్చిన వ్యాజ్యమునను 2023లో ఇదే సూత్రము స్థిరపడెను.

2019 నాటి కొత్త చట్టము 100వ సెక్షనున ఆ రక్షణను నిలిపి, 35వ సెక్షనున ఒకే ప్రయోజనము గల పెక్కుమంది పక్షమున ఒకరో కొందరో వినియోగదారుల కమిషన్ (పూర్వపు ఫోరము) అనుమతితో ఫిర్యాదు చేయు హక్కునిచ్చినది. మధ్యవర్తిత్వ షరతే కమిషన్ ద్వారమును మూయజాలనపుడు, దానిలో ఇమిడిన సామూహిక నిషేధము అచ్చట అడ్డు కాజాలదు.

ఉదాహరణకు, తెలుగు నేతకార్మికులు పెక్కుమంది స్థిరపడిన సూరతులోని అమ్రోలి నివాసి, విక్రేత కార్యాలయము ముంబైలో నున్నను, సూరతు జిల్లా కమిషన్‌యందే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును; చెల్లించిన మూల్యము 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు, గడువు రెండేండ్లు. కావున అచ్చు షరతును చూచి అధైర్యపడక, తనవలె నష్టపోయినవారిని కూడగట్టుకొని గడువులోపల కమిషన్‌ను ఆశ్రయించుట ప్రతి వినియోగదారునకు కర్తవ్యము.