ఆరోగ్యంగా బతికే ఊరు: ఇందూరు, బోధన్ చెప్పే చరిత్ర

కొత్త ఊరికి కాపురం పోవాలన్నా, ఆడపిల్లను ఇవ్వాలన్నా మన పెద్దలు ముందుగా అడిగే మాట ఒకటుంది. "అక్కడ ఆబోహవా ఎట్లుంటది?" అంటారు. ఆబ్ అంటే నీరు, హవా అంటే గాలి. ఈ రెండూ బాగుంటే మనిషి బాగుంటాడని వారి నమ్మకం. ఆ నమ్మకంలో తప్పేమీ లేదు. కాని మన జిల్లా గత నూరేళ్ల చరిత్రను తిరగేసి చూస్తే, నీరు గాలి బాగున్నంత మాత్రాన సరిపోదని తెలుస్తుంది. ఆ నీటిని కాపాడే మనుషులు ఉండాలి. ఒంటికి పని చెప్పే జాగా ఉండాలి. అన్నిటికీ మించి ఆ జాగా తలుపు అందరికీ తెరిచి ఉండాలి. ఈ సంగతినే సంఘ సభ్యుల ముందు, వారి కుటుంబాల ముందు ఉంచదలచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మన పట్టణానికి పాత పేరు ఇందూరు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రైలు వచ్చిన కాలంలో నిజామాబాద్ అనే పేరు స్థిరపడింది. ఆ రోజులలో హైదరాబాద్ సంస్థానమంతటా జనాన్ని పీడించినవి కరువు, కలరా, ప్లేగు. 1908లో మూసీ వరద, 1911లో ప్లేగు వచ్చి రాజధానినే అతలాకుతలం చేశాయి. అప్పుడుగాని ఊరి శుభ్రత, తాగునీరు ప్రభుత్వం చేయవలసిన పనులన్న ఆలోచన బలపడలేదు. 1912లో హైదరాబాద్‌లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడటం దాని ఫలితమే. రాజధానిలో మొదలైన ఆ ఆలోచన జిల్లాలకు చేరడానికి మరికొంత కాలం పట్టింది.

అయితే మన జిల్లా అంతదాకా ఆగలేదు. స్కాట్లండు నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ నిజామాబాద్‌లో వైద్యసేవ చేస్తూ, కుష్ఠురోగులను ఎవరూ దగ్గరికి రానీయకపోవడం చూశారు. ఊరి బయటకు తరిమివేయబడిన ఆ మనుషులకు ఒక నీడ కావాలని తలచారు. ఈ పనికి మన పట్టణానికి చెందిన దాత రాజా నర్సాగౌడ్ ధనసహాయం చేశారు. అట్లా 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రి వెలసింది. ఇచ్చింది ఒక హిందూ దాత, నడిపింది క్రైస్తవ డాక్టరమ్మ, అప్పటి పాలకుడు ముసల్మాను. అక్కడికి వచ్చిన రోగిని నీ మతమేదని అడిగేది లేదు. 1920ల నుంచి చాల్‌ముగ్రా జాతి నూనె ఇంజక్షన్లతో చికిత్స సాగింది. మంచి తిండి, శుభ్రత, ఒంటికి తగిన పని కూడా ఆనాటి చికిత్సలో భాగాలే. రోగిని మంచంలో పడేసి ఉంచలేదు. మనిషిగా నిలబెట్టారు. డాక్టరమ్మ 1932లో కన్నుమూశారు. ఆమె నాటిన చెట్టు మాత్రం నిలిచింది.

ఇక నీటి సంగతి. మంజీర నదికి అడ్డంగా అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల మధ్య నిజాంసాగర్ ఆనకట్ట పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. దీని రూపశిల్పి నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. 1877 జులై 11న హైదరాబాద్‌లో పుట్టిన ఆయన, సంస్థానపు వేతనంతో ఇంగ్లండు పోయి కూపర్స్‌హిల్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి వచ్చారు. తెలంగాణ రాష్ట్రం వచ్చినంక ఆయన పుట్టినరోజునే రాష్ట్ర ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నాము. ఆ ప్రాజెక్టు కింద రెండు లక్షల డెబ్బయి అయిదు వేల ఎకరాలకు నీరివ్వాలని తలపెట్టారు. బాన్సువాడ, బోధన్, నిజామాబాద్ ప్రాంతాలు పచ్చబడ్డాయి. అన్నం దొరకని ఇంట్లో అన్నం వండారు. కడుపు నిండటమే ఆరోగ్యానికి మొదటి మెట్టు గదా!

ఆ కాలువ మీదనే 1930ల తొలినాళ్లలో అలీసాగర్ వెలిసింది. చుట్టూ గుట్టలు, చెట్లు, తోట, నడవడానికి దారులు. నీళ్ల కోసం కట్టిన జాగా ఒకటి జనం గాలి పీల్చుకునే జాగా కూడా అయింది. ఈద్ మరునాడు టిఫిన్ డబ్బాలు కట్టుకుని పిల్లాపాపలతో అలీసాగర్ పోని కుటుంబం మన మొహల్లాలలో ఎక్కడుంది?

కాని నీరు మేలుతోపాటు కీడును కూడా తెస్తుంది. కాలువలు వచ్చిన చోట, మడులలో ఏడాదంతా నీరు నిలిచిన చోట దోమ పెరిగి మలేరియా వస్తుందని నీటిపారుదల జరిగిన ప్రాంతాలన్నిటి అనుభవం చెబుతుంది. చలిజ్వరమని మన పెద్దలు దుప్పట్లు కప్పుకుని వణికిన కథలు ఇప్పటికీ ఇండ్లలో చెప్పుకుంటారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1953లో జాతీయ మలేరియా నియంత్రణ పథకం మొదలై ఇంటింటికీ డీడీటీ చల్లినప్పుడు గాని జ్వరం తగ్గుముఖం పట్టలేదు. మరో సంగతి కూడా చూడండి. కట్టినప్పుడు నిజాంసాగర్‌లో 29 టీఎంసీలకు పైగా నీరు పట్టేది. పూడిక చేరి చేరి 1970ల నాటికి అది 12 టీఎంసీల లోపుకు పడిపోయింది. తరువాత కట్ట ఎత్తు పెంచి కొంత తిరిగి సాధించుకున్నారు. ఎంత గొప్పవాడు కట్టినదైనా సరే, చూసుకునేవాళ్లు లేకపోతే మట్టితో నిండిపోతుంది.

నీటి వెంట చెరుకు వచ్చింది. చెరుకు వెంట బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. 1937లో స్థాపించబడిన ఈ ఫ్యాక్టరీకి అప్పట్లో ఆసియాలోకెల్లా పెద్దదని పేరుండె. దాని పక్కనే శక్కర్‌నగర్ లేచింది. వరుస క్వార్టర్లు, నల్లా నీళ్లు, ఆసుపత్రి, బడి, క్లబ్బు, ఆటస్థలం, చెట్ల నీడలో రోడ్లు. సైరన్ మోగితే లేవడం, సైకిల్ మీద డ్యూటీకి పోవడం, సాయంత్రం పిల్లలు మైదానంలో బంతి ఆడటం. తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ మాట్లాడేవాళ్లు ఒకే గల్లీలో ఉండేవారు. ఆరోగ్యంగా బతికే ఊరు ఎట్లుండాలో చూపించమంటే శక్కర్‌నగర్‌ను చూపవచ్చు అనేవారు, ఆ క్వార్టర్లలో పెరిగినవాళ్లు.

అయితే నిజం కూడా చెప్పుకోవాలి. ఆ వసతి పర్మినెంటు నౌకరికి ఉన్నట్లు అందరికీ లేదు. చెరుకు కొట్టే కూలీ, సీజన్‌కు మాత్రమే పనికి పిలవబడే మనిషి, గేటు బయట గుడిసెలలో ఉన్నవాడు ఆ నీడను దూరం నుంచే చూశారు. 2002లో ఫ్యాక్టరీలో మెజారిటీ వాటా ప్రైవేటువారి చేతికి పోయింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. తెరిపిస్తామన్న మాట అప్పటినుంచి వినబడుతూనే ఉన్నది. పని ఆగితే జీతం ఆగింది. జీతం ఆగితే క్వార్టరు, ఆసుపత్రి, మైదానం అన్నీ కళ తప్పాయి. యజమాని ఇచ్చినది యజమానితోనే పోతుంది. ఊరు తనకు తాను కట్టుకున్నదే ఊరికి మిగులుతుంది. బోధన్ మనకు నేర్పిన పాఠం ఇది.

ఇప్పుడు మన ఇండ్ల లోపలికి వద్దాము. నిజామాబాద్ జిల్లాలో వేలాది మంది ఆడవాళ్లు, వారిలో మన అక్కచెల్లెండ్లు కూడా ఎందరో, చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుట్టి ఇల్లు నడిపారు, నడుపుతున్నారు. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. తెలంగాణ వచ్చినంక పింఛను కూడా వచ్చింది. రెండూ మంచివే. కాని పొద్దంతా వంగి కూర్చున్న నడుముకు, పొగాకు దుమ్ము పీల్చిన ఛాతీకి పింఛను మందు కాదు. మగవాళ్లు గల్ఫ్‌లో ఎండకు కష్టపడుతుంటే, ఇక్కడ ఆడవాళ్లు నాలుగు గోడల మధ్య కూర్చున్నచోటనే కూర్చుని బిగుసుకుపోతున్నారు. చక్కెర పండించిన జిల్లాలో చక్కెర జబ్బు లేని ఇల్లు కనబడుట కష్టమైంది. డాక్టరు దగ్గరికి పోతే "రోజూ నడవండి అమ్మా" అంటాడు. ఎక్కడ నడవాలె? ఎవరితో నడవాలె? దీనికి జవాబు డాక్టరు చీటీలో ఉండదు. మనమే చెప్పుకోవాలి.

జవాబు ఉన్నదని చూపించిన అమ్మాయి మన ఊళ్లోనే పుట్టింది. నిఖత్ జరీన్ 1996లో నిజామాబాద్‌లో జన్మించింది. తండ్రి జమీల్ అహ్మద్ తాను ఒకప్పుడు ఫుట్‌బాల్, క్రికెట్ ఆడినవాడు. సౌదీలో ఉద్యోగం చేసి, కూతుళ్ల చదువు, ఆట కోసం తిరిగి వచ్చాడు. బిడ్డను పరుగు పందేలకని కలెక్టర్ గ్రౌండ్‌కు తీసుకుపోయాడు. అక్కడ అన్ని ఆటలలో ఆడపిల్లలు ఉండి, బాక్సింగ్‌లో మాత్రం లేకపోవడం చూసి "ఇది మగపిల్లలకేనా?" అని ఆ పిల్ల అడిగింది. ఆ ప్రశ్నతోనే ఆమె బాక్సింగ్ మొదలైంది. కోచ్ శంసాముద్దీన్ నేర్పాడు. నలుగురూ నాలుగు మాటలన్నారు, బట్టల గురించి కూడా అన్నారు. ఆ తండ్రి వెనక్కి తగ్గలేదు. 2011లో టర్కీలో జరిగిన పోటీలో జూనియర్ ప్రపంచ విజేత, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత అయింది. మాటలన్నవారే తరువాత చప్పట్లు కొట్టారు. శంసాముద్దీన్ కుమారుడు హుసాముద్దీన్ కూడా 2018, 2022 కామన్వెల్త్ క్రీడలలో కాంస్యాలు తెచ్చాడు. ఇదే జిల్లా పాకాల గ్రామపు గిరిజన బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది.

పతకాలు అందరికీ రావు, రానవసరం లేదు. గమనించవలసినది వేరే ఉన్నది. ఆ అమ్మాయికి దొరికినది పెద్ద స్టేడియం కాదు. ఇంటికి అందుబాటులో ఒక గ్రౌండు, నేర్పే ఒక మాస్టరు, చెయ్యి పట్టుకుని తీసుకుపోయే ఒక తండ్రి. ఈ మూడూ మనం కూడా సమకూర్చుకోగలిగినవే.

కనుక సంఘం తరఫున మనం చేయగలిగిన పనులు కొన్ని చెప్పి ముగిస్తాము. మొహల్లాలో మిగిలిన ఒక్క ఖాళీ జాగానైనా పిల్లల ఆటకు అట్టే పెడదాము. దాన్ని ప్లాట్లుగా కొయ్యనీయవద్దు. ఫజర్ నమాజు తరువాత మగవాళ్లు నడుస్తున్నారు, మంచిదే. ఆడవాళ్లు కూడా పదిమంది కలిసి నడిచేందుకు వేళ, దారి కుదర్చుదాము. కలిసి నడిస్తే భయమూ ఉండదు, మాటా రాదు. బీడీలు చుట్టే అమ్మలు గంటకొకసారి లేచి నడుము చాపి, కిటికీ తెరిచి, చేతులు కడుక్కునేటట్లు ఇంట్లో పిల్లలే గుర్తు చేయాలి. పెంకుల్లో, టైర్లలో నీరు నిలవనీయకపోతే దోమ సగం పోతుంది. అలీసాగర్ పోయినప్పుడు తిన్న కాగితాలు, సీసాలు అక్కడ పారేయకుండా తిరిగి తెచ్చుకుందాము. ఆ నీరు మన నీరే.

డిచ్‌పల్లిలో డాక్టరమ్మ తలుపు తెరిచింది. మంజీర మీద నవాబు ఇంజనీరు నీరు నిలిపాడు. కలెక్టర్ గ్రౌండ్‌లో ఒక తండ్రి కూతురి చెయ్యి పట్టుకున్నాడు. వచ్చే ఏటి సంచిక నాటికి మన మొహల్లాలో ఏ తలుపు తెరుచుకున్నదో రాసి పంపవలసిందిగా సభ్యులను కోరుతున్నాము.