రక్తానికి తెలిసిన శత్రువు

రొమ్ము ఎముకను నిలువునా కోసి చేసే గుండె ఆపరేషన్‌కి తేదీ ఖరారైన మనిషి, ఆ తేదీ వచ్చేదాకా రోజులెలా నెట్టుకొస్తాడో ఇంట్లో అలాంటివాళ్లు ఉన్నవారికి తెలుసు. బ్యాంకు కాగితాలు ఎక్కడున్నాయో ఇంటావిడకి చూపిస్తాడు. తీర్చాల్సిన బాకీలు ఒక కాగితం మీద రాసిపెడతాడు. సరిగ్గా అలాంటి రోజుల్లో ఉన్న 8,031 మంది, 26 దేశాల్లో, 165 కేంద్రాల్లో, ఒక పరీక్షకు ఒప్పుకుని చెయ్యి చాపారు. సగంమందికి కొత్త టీకా వేశారు. మిగతా సగంమందికి మందు లేని సూది. ఎవరికి ఏది దక్కిందో వాళ్లకీ తెలియదు, వాళ్లని చూసే డాక్టర్లకీ తెలియదు.

ఆ టీకా పేరు వి710. 2007 డిసెంబరులో మొదలైన పరీక్ష 2011లో ఆగిపోయింది. టీకా బతకలేదు. దాన్ని నమ్మి చెయ్యి చాపినవాళ్లలో కొందరూ బతకలేదు. వాళ్ల పేర్లు ఏ వైద్యపత్రికలోనూ ఉండవు, ఉండకూడదు కూడా. కానీ వాళ్ల కథ మన భాషలో ఒకసారైనా చెప్పుకోవాలి. వాళ్లు చేసిన దానం అంత పెద్దది.

వేసవిలో మెడ వెనకో తొడ మీదో లేచే సెగ్గడ్డ మనందరికీ తెలిసిందే. మామిడిపళ్ల వేడి అంటారు పెద్దలు. చాలాసార్లు ఆ చీముకి అసలు కారణం స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. డాక్టర్ల నోట పొట్టిగా స్టాఫ్. 1880లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే సర్జన్ గడ్డల్లోంచి తీసిన చీమును సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, గుత్తులు గుత్తులుగా ఉన్న ఈ జీవుల్ని పట్టుకున్నాడు. మనుషుల్లో సుమారు నాలుగోవంతు మంది ముక్కులో ఇది ఏ హానీ చెయ్యకుండా కాపురముంటుంది. చర్మం పహరా ఉన్నంతసేపూ బెంగ లేదు. చర్మం తెగి, ఆ తెగినచోటు గుండె దాకా లోతైతే మాత్రం కథ వేరు. కుట్లు విచ్చుకుంటాయి, రొమ్ము ఎముక చీము పడుతుంది, రక్తంలోకి దిగిన క్రిములు గుండె కవాటాల మీద గూడు కడతాయి. ఆపరేషన్ అద్భుతంగా జరిగిందని సర్జన్ చెప్పిన పదో రోజున, ఇరవయ్యో రోజున ఇది మొదలవుతుంది. చాలా మందులకు లొంగని రకాలు దీనిలో పుట్టుకొచ్చి అరవై ఏళ్లు దాటింది. 2019 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో పది లక్షలకు పైగా మరణాలతో దీనికి సంబంధం ఉందనీ, 135 దేశాల్లో బ్యాక్టీరియా చావులకు మొదటి కారణం ఇదేననీ అంతర్జాతీయ అంచనా ఒకటి తేల్చింది.

ఇంతటి జీవికీ ఒక బలహీనత ఉందని శాస్త్రవేత్తలు నమ్మారు. ఆ నమ్మకంలోనే ఈ విషాదానికి బీజం పడింది.

స్టాఫ్ మన ఒంట్లో బతకాలంటే దాని గోడ మీద తొడుక్కున్న ప్రోటీన్లే ఆధారం. ఒకటి మన రక్తంలోని ఫైబ్రినోజెన్‌ను పట్టుకుని గాయానికి అతుక్కుపోతుంది. దాని పేరు క్లంపింగ్ ఫ్యాక్టర్ ఎ. ప్రోటీన్ ఎ అనే మరొకటి మన యాంటీబాడీలను తోకవైపు నుంచి పట్టేసి, అవి చెయ్యాల్సిన పని చెయ్యకుండా తలకిందులు చేస్తుంది. ఐఎస్‌డీబీ అనేది ఇంకొకటి. స్టాఫ్‌కి ఇనుము లేనిదే గడవదు. మన ఒంట్లో ఇనుములో ఎక్కువ భాగం ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌లో దాగి ఉంటుంది. ఎర్రకణాలు పగిలి బయటపడ్డ హిమోగ్లోబిన్‌ను ఐఎస్‌డీబీ పట్టుకుని, అందులోంచి ఇనుమున్న హీమ్‌ను లాగేస్తుంది. ఈ ప్రోటీన్లను బ్యాక్టీరియా గోడకు అతికించే సార్టేజ్ అనే ఎంజైమును 1999లో ఓలఫ్ ష్నీవిండ్ బృందం వెలుగులోకి తెచ్చాక ఆశ మరింత పెరిగింది. ఈ ప్రోటీన్ల మీద యాంటీబాడీలు పుట్టిస్తే క్రిమి అతుక్కోలేదు, తినలేదు, దాక్కోలేదు. వినడానికి ఎంత తేలికగా ఉంది! కాగితం మీద ఇందులో తప్పేమీ కనబడదు. నాకూ ఇప్పటికీ కనబడదు.

మొదటి దెబ్బ పసివాళ్ల దగ్గర తగిలింది. టెక్సస్‌లో మాగ్నస్ హుక్, జోసెఫ్ పాటీ ఈ అతుక్కునే ప్రోటీన్ల మీద చేసిన పరిశోధనలోంచి ఇన్‌హిబిటెక్స్ అనే కంపెనీ పుట్టింది. నెలలు నిండకుండా పుట్టే పిల్లలకు స్టాఫ్ జాతి క్రిములంటే ప్రాణగండం. వాళ్లకి టీకా వేసి యాంటీబాడీలు పుట్టేదాకా ఆగే వ్యవధి ఉండదు. అందుకని సహజంగానే రక్తంలో ఈ యాంటీబాడీలు ఎక్కువగా ఉన్న పెద్దల దగ్గర్నుంచి వాటిని సేకరించి వెరోనేట్ అనే మందు తయారుచేశారు. 500 నుంచి 1,250 గ్రాముల బరువున్న 1,983 మంది పిల్లల మీద పరీక్ష జరిగింది. అరచేతిలో ఇమిడే పిల్లలు, వెంట్రుకంత నరాలు. 2006లో ఫలితం వచ్చింది. స్టాఫ్ ఆరియస్ సోకినవాళ్లు మందు పొందినవాళ్లలో 5 శాతం, పొందనివాళ్లలో 6 శాతం. అంటే తేడా లేనట్టే. కంపెనీ స్టాఫ్‌ను వదిలి హెపటైటిస్ సి వైపు మళ్లింది, 2012లో అమ్ముడుపోయింది.

అప్పుడే ఆగి ఆలోచించి ఉండాల్సిందా? ఇవాళ కూర్చుని అలా అనడం న్యాయం కాదు. అది బయటి నుంచి అరువు తెచ్చిన యాంటీబాడీ. ఒళ్లు తానుగా పుట్టించుకునే యాంటీబాడీ అంతకన్నా మిన్నగా పనిచేస్తుందని అనుకోవడానికి తగిన కారణాలున్నాయి.

వి710 పుట్టుక వియన్నాలో. అక్కడి ఇంటర్‌సెల్ కంపెనీ శాస్త్రవేత్తలు ఒక చక్కటి పద్ధతి కనిపెట్టారు. స్టాఫ్ జన్యువులను చిన్నచిన్న ముక్కలు చేసి, ఆ ముక్కలు తయారుచేసే ప్రోటీన్లను ఇంకో బ్యాక్టీరియా ఒంటి మీద పేర్చి, మనుషుల రక్తరసంతో కలిపారు. స్టాఫ్ సోకి కోలుకున్నవాళ్ల రక్తం, ఆరోగ్యవంతుల రక్తం. ఆ రక్తంలోని యాంటీబాడీలు ఏ ముక్కను గట్టిగా పట్టుకుంటాయో అదే మంచి గురి అని వాళ్ల లెక్క. అంటే మనిషి రక్తాన్నే సాక్షిగా పిలిచి, నీకు తెలిసిన శత్రువెవరో చూపించమని అడిగారు. రక్తం వేలెత్తి చూపించినవాటిలో ఐఎస్‌డీబీ ఒకటి. 2004లో అమెరికా కంపెనీ మెర్క్ దాని హక్కులు తీసుకుంది. 2006లో వచ్చిన పరిశోధనాపత్రంలో ఫలితాలు మెరిశాయి. రీసస్ కోతుల్లో యాంటీబాడీలు వేగంగా పెరిగాయి, ప్రాణాంతకమైన మోతాదులో స్టాఫ్ ఎక్కించిన ఎలుకలు టీకా వల్ల ఎక్కువగా బతికాయి. మనుషుల్లోనూ ఒక్క మోతాదుతో రెండు వారాల్లో యాంటీబాడీలు లేచాయి. ఆపరేషన్‌కి 14 నుంచి 60 రోజుల ముందు టీకా వెయ్యాలన్న నియమం పెట్టారు. మనిషి టేబుల్ మీదకి ఎక్కే రోజుకి రక్తం ఆయుధాలతో సిద్ధంగా ఉండాలి మరి.

సిద్ధంగానే ఉంది. యాంటీబాడీలు పుష్కలంగా వచ్చాయి. ఆ విషయంలో టీకా మాట తప్పలేదు.

ఇలాంటి పరీక్షల్లో మధ్యమధ్య గుట్టుగా లెక్కలు విప్పి చూసే స్వతంత్ర నిపుణుల సంఘం ఒకటుంటుంది. అందులోని వాళ్లు కంపెనీ మనుషులు కారు. రెండోసారి విప్పినప్పుడు వాళ్లకు కనబడింది చూసి పరీక్ష ఆపెయ్యమన్నారు. మొదటి సంగతి, టీకా కాపాడటం లేదు. ఆపరేషన్ తర్వాత 90 రోజుల్లోపు రక్తంలోకో రొమ్ము లోపలికో స్టాఫ్ సోకినవాళ్లు టీకా వర్గంలో 22 మంది, మందు లేని వర్గంలో 27 మంది. రెండో సంగతి చెయ్యి వణికించేది. రెండు వర్గాల్లోనూ మొత్తం చావుల్లో లెక్కకొచ్చే తేడా లేదు. కానీ స్టాఫ్ సోకినవాళ్లను మాత్రమే విడదీసి చూస్తే, టీకా వేయించుకున్నవాళ్లు మిగతావాళ్లకన్నా అయిదు రెట్లకు పైగా ఎక్కువ వేగంతో చనిపోయారు. నూరుగురిని ఏడాదిపాటు గమనించినట్టు లెక్కగడితే ఒకవైపు 23, ఇంకోవైపు 4.2. ఒకేసారి అనేక అవయవాలు చతికిలబడటం టీకా వర్గంలో 31 మందికి, రెండోవైపు 17 మందికి జరిగింది.

అంటే టీకా శత్రువును ఆపలేకపోయింది సరే, శత్రువు ఎలాగోలా లోపలికి వచ్చిన ఇళ్లలో అది ఆ ఇంటివాళ్లకే ప్రాణాల మీదికి తెచ్చింది. కాపాడుతుందని వేయించుకున్న సూది అది. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివినా అలవాటు కాదు.

డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన వాన్స్ ఫౌలర్, ఆయన సహచరులు ఈ ఫలితాలన్నీ 2013లో జామా పత్రికలో దాచకుండా ప్రచురించారు. ఓటమిని అంకెలతో సహా లోకం ముందు పెట్టడం ఈ రంగంలో ప్రతిసారీ జరిగే పని కాదు. ఆ మేరకు చనిపోయినవాళ్ల పట్ల ఒక బాధ్యత తీరిందనే అనుకుంటాను.

ఎందుకిలా అయింది? మెర్క్ శాస్త్రవేత్తలు దాచి ఉంచిన రక్తపు నమూనాల్ని మళ్లీ తీశారు. టీకా వేయకముందే ఇంటర్‌ల్యూకిన్-2 అనే సంకేతపదార్థం రక్తంలో కొలతకందనంత తక్కువగా ఉండి, టీకా వేయించుకుని, తర్వాత స్టాఫ్ సోకినవాళ్లు 12 మంది. ఆ 12 మందీ చనిపోయారు. ఇంత చిన్న సంఖ్య మీద కారణం కట్టేయడం కుదరదని రాసినవాళ్లకూ తెలుసు. కానీ ఆ పన్నెండు అనే అంకె దగ్గర ఆగకుండా ఎవరు ముందుకు వెళ్లగలరు? పన్నెండు కుటుంబాలు అవి.

ఇంకో జవాబు కోసం పదేళ్లకు పైగా ఆగాల్సివచ్చింది. 2022లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జార్జ్ లియు బృందం ఎలుకలతో ఒక సూటి ప్రయోగం చేసింది. ప్రయోగశాలలో పెరిగిన ఎలుకకి స్టాఫ్‌తో ముందు పరిచయం ఉండదు. మనిషికి పుట్టిన కొద్ది వారాలకే ఉంటుంది. అందుకని వాళ్లు ముందు ఎలుకలకు స్టాఫ్ సోకనిచ్చి, తగ్గాక ఐఎస్‌డీబీ టీకా వేశారు. పరిచయం లేని ఎలుకలను కాపాడిన ఆ టీకాయే, పరిచయమున్న ఎలుకలను కాపాడలేకపోయింది. పాత ఇన్‌ఫెక్షన్ నాటిపోయిన జ్ఞాపకంలోంచి ఒళ్లు పనికిరాని యాంటీబాడీలనే మళ్లీ మళ్లీ పోసుకొచ్చింది. స్టాఫ్ ఎన్నో వేల ఏళ్లుగా మనతో కలిసి బతుకుతూ, మన రక్తం తన మీద ఏ ఆయుధం ఎత్తాలో తనే నేర్పిపెట్టింది. టీకా వచ్చి ఆ మొండి ఆయుధాన్నే లక్షలుగా తయారుచేయించింది.

ఇప్పుడు వియన్నాలో జరిగింది గుర్తుచేసుకుంటే గుండె చివుక్కుమంటుంది. నీకు తెలిసిన శత్రువెవరని రక్తాన్ని అడిగారు కదా. ఆ తెలియడమే గండమైంది. ఆదిపర్వంలో పరీక్షిత్తు ఒంటిస్తంభపు మేడ కట్టించుకుని, చుట్టూ విషవైద్యుల్నీ మంత్రవేత్తల్నీ కాపలా పెట్టుకున్నాడు. తక్షకుడు పండులో పురుగై వచ్చాడు, ఆ పండు రాజు చేతిలోనే ఉంది. వి710 కట్టినవాళ్లూ కోటకి రాళ్లు ఎంచిన చోటే శత్రువు కాచుకుని ఉన్నాడు. వాళ్ల శ్రద్ధలో లోపం లేదు, తెలివిలో లోపం లేదు. అందుకే దీన్ని తప్పు అనలేక విషాదం అంటున్నాను.

పతనం అక్కడితో ఆగలేదు. అప్పటికే ఇతర వైఫల్యాలతో కుంగిన ఇంటర్‌సెల్ 2013లో ఫ్రాన్స్ కంపెనీ వివాలిస్‌తో కలిసిపోయి వాల్నెవాగా మారింది. ఒక్క ప్రోటీన్ చాలలేదేమో, నాలుగు గురులు పెడదామని ఫైజర్ బరిలోకి దిగింది. స్టాఫ్ పైపొరలోని రెండు చక్కెర పదార్థాలు, క్లంపింగ్ ఫ్యాక్టర్ ఎ, మాంగనీసును పట్టే ఇంకో ప్రోటీన్. వెన్నెముక ఆపరేషన్‌కి వెళ్లే మూడు వేల మందికి పైగా దానికి చేతులు చాపారు. 2018 డిసెంబరులో అదీ ఆగింది. ఈసారి టీకా వల్ల ఎవరికీ ముప్పు రాలేదు. ఇన్‌ఫెక్షన్ సోకినవాళ్లు టీకా వర్గంలో 14, మందు లేని వర్గంలో 14. ఫలం సున్నా. జీవితమంతా స్టాఫ్ గోడనే చదివిన ష్నీవిండ్ ఆ తర్వాతి ఏడాది, 57 ఏళ్లకే, క్యాన్సర్‌తో వెళ్లిపోయారు.

లియు బృందం ఇంకో మాట కూడా రాసింది. ఐఎస్‌డీబీ మొత్తాన్ని కాకుండా అది హీమ్‌ను పట్టుకునే భాగాన్ని మాత్రమే టీకాగా ఇస్తే, పరిచయమున్న ఎలుకలకు కూడా రక్షణ వచ్చిందట. ఎలుకల మాట మనిషి దగ్గర ఎన్నిసార్లు చెల్లలేదో చూశాం కాబట్టి నేను ఆశపడటానికి తొందరపడను. కానీ ఆ ప్రయోగం పుట్టిందే 8,031 మంది చాపిన చేతుల వల్ల. వాళ్ల రక్తం దాచి ఉండకపోతే, వాళ్ల మరణాలు లెక్కలోకి రాకపోతే, ఏం అడగాలో కూడా ఎవరికీ తెలిసేది కాదు.

స్టాఫ్ ఆరియస్ మీద అనుమతి పొందిన టీకా ఇవాళ్టికీ ప్రపంచంలో ఒక్కటీ లేదు. అది వచ్చేలోపు చెయ్యగలిగింది చాలా మామూలుగా ఉంటుంది. 2010లో నెదర్లాండ్స్‌లో జరిగిన పరీక్షలో, ముక్కులో స్టాఫ్ ఉన్న రోగుల్ని ముందే గుర్తించి, ముపిరోసిన్ లేపనం ముక్కులో పూసి, క్లోర్‌హెక్సిడిన్ సబ్బుతో స్నానం చేయిస్తే, ఆసుపత్రిలో స్టాఫ్ సోకడం 7.7 శాతం నుంచి 3.4 శాతానికి తగ్గింది. మీ ఇంట్లో ఎవరికైనా గుండె ఆపరేషన్ తేదీ ఖాయమైతే, ముక్కు పరీక్ష చేస్తారా అని సర్జన్‌ను ముందే ఒక మాట అడగండి.