నాటి నాటకశాలలు – నాటి ప్రేక్షకులు

నాటకచరిత్ర వ్రాయువారు కవులను గూర్చి వ్రాయుదురు, నటులను గూర్చి వ్రాయుదురు. తెరకు ఎదురుగా తెల్లవారుజాము వరకు కూర్చున్నవారిని గూర్చి వ్రాయువారు అరుదు. కాని మన పద్యనాటకమునకు వీరిని విడిచిన చరిత్ర లేదు. పద్యమును ఎంతసేపు పాడవలెనో, ఎన్ని పర్యాయములు పాడవలెనో నిర్ణయించినది కవి కాదు, నటుడును కాదు. ఎదుట కూర్చున్న సభ. ఆ సభను ఒక్కమారు తలచుకొనుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

మా నిమ్మనపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమకు నాటకము రెండు దారుల వచ్చినది. మొదటిది గుడిముంగిటి దారి. ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళయొద్ద జరుగు భారత ఉత్సవములలో పగలు హరికథ, రాత్రి వీధినాటకము. కథ దినదినము సాగి, అర్జునుడు తపస్సుమాను ఎక్కు దినము వచ్చును. సంతానము కోరిన స్త్రీలు ఆ మాను క్రింద వరము పట్టుదురు. కడపటి దినమున నేలపై మట్టితో మలచిన దుర్యోధనుని భారీ రూపము కడ వధ జరుగును. అచ్చట చూచువాడు వేరు, ఆడువాడు వేరు కాదు. ఊరంతయు కథలో ఒక పాత్ర.

రెండవది కంపెనీల దారి. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావుగారి బృందము కీచకవధ ప్రదర్శించినది. తోలుబొమ్మలాడించిన కుటుంబములు తామే వేషములు కట్టి రంగమెక్కుట అచ్చట ఆరంభమైనది. మదనపల్లెయు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు ఆ కడప జిల్లాలోనిదే. తక్కిన సమాజములలో స్త్రీపాత్రలను పురుషులు ధరించుచుండగా, సురభివారిలో కుటుంబపు స్త్రీలే ఆ పాత్రలు ధరించిరి. ఆ కాలపు ప్రేక్షకునికి అది చిన్న వింత కాదు.

ఈ రెండు దారులకు తోడు బళ్ళారి ఒక రాచబాట వేసినది. అచ్చట న్యాయవాదియైన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు సరసవినోదినీ సభ పక్షమున 1887లో చిత్రనళీయమును ప్రదర్శింపజేసిరి. మాటల నడుమ పద్యములను, పాటలను కూర్చి తెలుగు నాటకమునకు సంగీతపు కట్టుబాటు చేసినవారిలో ఆయన అగ్రగణ్యులు. 1891లో ఆ సభవారు మదరాసు విక్టోరియా పబ్లిక్ హాలులో నాటకములాడిరి. ఆనాటి ప్రేక్షకులలో పద్దెనిమిదేండ్ల యువకుడు ఒకడుండెను. అతడే పమ్మల్ సంబంధ మొదలియారు. ఆ ప్రదర్శనలచే ప్రేరితుడై అదే యేట సుగుణవిలాస సభను స్థాపించి, తరువాత ఆధునిక తమిళ నాటకమునకు పితృస్థానీయుడయ్యెను. ఒక తెలుగు నాటకము ఎదుట వేసిన కుర్చీలోనుండి పొరుగు భాష నాటకరంగము మేల్కొన్నదన్నమాట. ప్రేక్షకుని స్థానము ఎంత గొప్పదో ఇంతకంటె వేరు సాక్ష్యము అక్కరలేదు.

ఇక ఆ సభ ఎట్లుండెడిదో చూతము. సంధ్యవేళకే ఎద్దుబండ్లు బారులు తీరెడివి. ముందు కుర్చీలు, వెనుక బెంచీలు, ఆ వెనుక నేల. స్త్రీలకు వేరుగా ఒక ప్రక్క చోటు. నేల టిక్కెట్టువారు చాపయు దుప్పటియు వెంట తెచ్చుకొనెడివారు. పిల్లలు మొదటి రంగమునకే నిద్రపోయి, యుద్ధము వచ్చినప్పుడు లేపుమని తల్లికి ముందుగనే చెప్పి యుంచెడివారు. పెట్రోమాక్సు దీపములకు గాలి కొట్టుచుండగా తెరవెనుక హార్మోనియము శ్రుతి వినవచ్చెడిది. అంతవరకు చంతవలె నున్న జనము ఆ శ్రుతికి ఒక్కమారుగా సద్దుమణిగెడిది. ప్రార్థన కాగానే తెర లేచును. దర్బారు తెర, అడవి తెర, వీధి తెర: ఒక తెర చుట్టుకొని మరియొకటి దిగినచో అదియే దేశాంతరము.

మైకులు లేని కాలమది. కట్టకడపటి నేలవాని చెవికి పద్యపాదము స్పష్టముగ చేరవలెను. అందుచేతనే నటులు హెచ్చు శ్రుతిలో పాడిరి. అందుచేతనే పద్యము చివర రాగము సాగినది. కంఠము తారస్థాయిని నిలిచినంతసేపు సభ ఊపిరి బిగబట్టెడిది. దిగగానే చప్పట్లు, వెనువెంటనే నలుమూలలనుండి 'వన్సుమోరు' అను కేక. నటుడు అదే పద్యమును రెండవమారు అందుకొనెడివాడు. కాని రెండవమారు పాడినది మొదటిదే కాదు. రాగము క్రొత్త మలుపు తిరుగవలెను, గమకము మారవలెను. లేనిచో సభ ఒప్పుకొనదు.

ఆ కేక వేసినవారిలో అక్షరము రానివారు అనేకులు. అయినను తిరుపతి వేంకటకవుల ఉద్యోగవిజయముల పద్యములు, బలిజేపల్లి లక్ష్మీకాంతముగారి హరిశ్చంద్ర పద్యములు వారికి కంఠస్థములు. నటుడు ఒక పదము తప్పినచో నేలమీదినుండి అందించువారుండిరి. బడి చేయవలసిన పని కొంత నాటకశాల చేసినది. పలక పట్టని రైతు ఛందస్సు పేరు తెలియకయే యతి తప్పినచోట మొగము చిట్లించెడివాడు.

అయితే ఈ అధికారము నాటకమునకు మేలే చేసెనా? కంట్రాక్టు నాటకములలో ఒక్క రాత్రికి ఇద్దరు ముగ్గురు కృష్ణులు వచ్చిరి. ఒక కృష్ణుడు పడకసీను ఆడి వెళ్ళగా మరియొక కృష్ణుడు రాయబారమునకు వచ్చును. కథ ఏమైనను జనమునకు కంఠములు కావలెను. మృతుడైన పాత్ర సభవారి కోరికపై లేచి, పద్యము మరల పాడి, తిరిగి మరణించెనను హాస్యకథ నేటికిని చెప్పుకొందురు.

దీనికి ఎదురు తిరిగినవారు ధర్మవరమువారి మేనల్లుడే యగుట విశేషము. బళ్ళారి రాఘవగారు రాగాలాపనచే రసము చెడుననిరి. మాటలోని భావము, మొగములోని భావము చాలుననిరి. స్త్రీపాత్రలను స్త్రీలే ధరించవలెనని పోరాడిరి. ఒకే ఇంటిలో మేనమామ పాటను తెచ్చెను, మేనల్లుడు దానిని తగ్గింపుమనెను. న్యాయము ఎవరి పక్షమున నున్నది? నాటకమును కథగా చూచినచో రాఘవగారి మాటయే సత్యమని మాకు తోచును. కాని ఆ రాత్రులు కథకొరకు మాత్రమే వచ్చినవి కావు. పాండవులకు ఐదూళ్ళు దక్కవని నేలమీది ముసలమ్మకును తెలియును. ఆమె వచ్చినది తనకు తెలిసినదానిని వేయిమందితో కలిసి మరల వినుటకు. ఆ కలయిక రాగమునందే గాని కథయందు లేదు.

1932లో తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాద వచ్చెను. అది ధర్మవరమువారి నాటకమే, ఆడినవారు సురభివారే. జనము అదే, కథ అదే, పద్యములును ఉన్నవి. ఒక్కటి మాత్రము పోయినది. వెండితెరమీది ప్రహ్లాదునికి 'వన్సుమోరు' వినబడదు. ప్రేక్షకుడు ఆనాటినుండి చూచువాడుగ మాత్రమే మిగిలెను. నాటకశాలలు పెక్కు సినిమాహాళ్ళైనవి.

పిమ్మట ఆకాశవాణి వచ్చినది: 1938లో మదరాసు, 1948లో విజయవాడ, 1963లో మా సీమకు చేరువగ కడప. రేడియో హార్మోనియమును 1940 మొదలు సుమారు మూడు దశాబ్దములు దూరముగనుంచెను గాని, పద్యమును ఇంటింటికి చేర్చెను. ఆదివారము మధ్యాహ్నము మూడుగంటల నాటకమునకు రేడియో ఉన్న ఇంటి అరుగు నిండిపోయెడిది. పొరుగువారు, దారిన పోవువారు, గంపలు దించిన కూలివారు అచ్చట చేరెడివారు. పద్యము ముగియగానే ఎవరో ఒకరు అలవాటుగ 'ఆహా' అనెడివారు. పాడినవానికి అది వినబడదని అందరికిని తెలియును. అయినను అనెడివారు.

మాకు ఆ 'ఆహా'యే ముఖ్యముగ తోచును. సురభివారి బృందములు నేటికిని ఆడుచున్నవి. వారి పెద్ద రేకందార్ నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ లభించినది. మా పల్లెలలో భారత ఉత్సవములును ఆగలేదు. కళను పోషింపుడని ప్రభుత్వమును అడుగుట న్యాయమే. అంతకుముందు మనము చేయగల పని ఒకటి కలదు. నాటకమాడు ఊరికి పోయి, నేలమీద కూర్చుండి, పద్యము బాగున్నచో గొంతెత్తి ఆ మాట చెప్పుట. నటుని ఇంకను తయారుచేయవచ్చును. ప్రేక్షకుని తయారుచేయుటకు మాత్రము పక్కన మరియొక ప్రేక్షకుడు ఉండవలెను.